పాత గిటారుకు కొత్త కథ అల్లేవారికి బహిరంగ లేఖ

అయ్యా,

పాత ఎలక్ట్రిక్ గిటార్లు కొని, వాటికి జరిగిన మార్పులన్నీ దాచిపెట్టి, ‘అంతా ఒరిజినలే’ అని అమ్మే మీకు ఈ లేఖ. మీరు ఒక్కరు కారు. మెల్‌బోర్న్‌లో ఉన్నారు, సిడ్నీలో ఉన్నారు, బ్రిస్బేన్‌లో ఉన్నారు. కొందరికి దుకాణాలున్నాయి, కొందరికి ఇంటి గ్యారేజీయే దుకాణం. మీ పేర్లు రాయను. ఎవరి గురించి రాస్తున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాను. మన తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన పేటలవి. ఉగాదికీ దసరాకీ కమ్యూనిటీ హాళ్లలో జరిగే సభల్లో నలుగురం కలిసి పాత సినిమా పాటలు వాయిస్తాం. ఇళయరాజా పాటల్లోని గిటారు బిట్లు, వాటి మధ్య వీలు చూసుకుని మోహనలోనో హిందోళంలోనో ఒక చిన్న ఆలాపన. ఆ వాయింపుకు తగిన గిటారు కోసం ఏళ్లుగా ఈ ఊళ్లో వెతుకుతున్నాను. నాలాంటివాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. దాచి రేటు పెరిగాక అమ్ముకోవాలన్న ఆశ వాళ్లకు లేదు. గోడకు తగిలించుకునే సరదా లేదు. వాయించుకోవడానికి కొంటారు, అప్పు చేసైనా కొంటారు. మీ మాటల వల్ల ఎక్కువ నష్టపోతున్నది వాళ్లే.

అసలు వాయించేవాడికి పాత గిటారు ఎందుకు? పాతదైనంత మాత్రాన గొప్పదని నేను నమ్మను. 1950ల నుంచి 1970ల దాకా ఒకే పేరుతో వచ్చిన గిటారు కూడా మధ్యమధ్య చాలా మారింది. నెక్ మందం మారింది, ఫ్రెట్‌బోర్డు కర్ర మారింది, పికప్ చుట్టే తీరు మారింది, పైపూత మారింది. అందుకే ఆ కాలపు గిటార్లలో వెతికేవాడికి తన చేతికీ చెవికీ అతికినట్టు సరిపోయేది ఎక్కడో ఒకటి దొరుకుతుంది. ఆ వెతుకులాట అంతా పోల్చి చూసుకోవడం మీదే నడుస్తుంది. మీరు దెబ్బకొడుతున్నది సరిగ్గా అక్కడే. కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మొదట తీగ పొడవు. ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్లలో అది 25.5 అంగుళాలు. గిబ్సన్ వారి లెస్ పాల్, ఎస్‌జీలలో 24.75. తేడా ముప్పాతిక అంగుళమే. కానీ రెంటికీ ఒకే మందం తీగలు వేసి ఒకే శ్రుతి పెడితే గిబ్సన్ మీద తీగ మెత్తగా లొంగుతుంది, ఫెండర్ మీద బిగువుగా ఎదురు తిరుగుతుంది. తీగ లాగి స్వరాన్ని ఊపేవాడికి మొదటిది హాయి. ఖణేల్‌మని రిథమ్ కొట్టేవాడికి రెండోది హాయి.

తర్వాత ఫ్రెట్‌బోర్డు వంపు. పాత ఫెండర్ల బోర్డు అడ్డంగా బాగా గుండ్రంగా ఉంటుంది. దాని వ్యాసార్ధం 7.25 అంగుళాలు. గిబ్సన్‌ది 12 అంగుళాలు, అంటే ఇంకా చదును. కార్డులు పట్టుకునే చేతికి ఆ గుండ్రం ఎంతో సుఖం. అదే సన్న తీగను పన్నెండో ఫ్రెట్ దాటాక బాగా లాగితే, అది వంపు మీదుగా జరుగుతూ పై ఫ్రెట్లకు తగిలి స్వరం గొంతు నొక్కినట్టు చచ్చిపోతుంది. గమకం పలికించాలనుకునేవాడికి ఇది పెద్ద చిక్కు. తీగలు ఎత్తు పెంచుకోవాలి, లేదంటే బోర్డును కొంచెం చదును చేయించి పెద్ద ఫ్రెట్లు వేయించుకోవాలి.

మూడోది నెక్. 1959 లెస్ పాల్ నెక్ చేతినిండా ఉంటుంది, 1960కి వచ్చేసరికి బాగా పలచబడింది. 1965 ప్రాంతంలో గిబ్సన్ నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు తగ్గించింది. దాదాపు 43 మిల్లీమీటర్లు ఉండేది 40కి వచ్చింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. లావు వేళ్లున్నవాడు ఓపెన్ కార్డు పట్టి చూస్తే పక్క తీగ మూగబోతుంది, అప్పుడు తెలుస్తుంది ఆ మూడు మిల్లీమీటర్ల విలువ. సన్న వేళ్లున్నవాడికి అదే గిటారు వరం. సంవత్సరం సరిగ్గా చెప్పమని మేం పట్టుబట్టేది అందుకే.

చివరగా పికప్. సింగిల్ కాయిల్ పికప్ తీగ శబ్దంతోపాటు చుట్టూ ఉన్న కరెంటు రొదనూ లాక్కుంటుంది. ఆస్ట్రేలియాలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అదే స్థాయిలో, దాని రెట్లలో గుయ్‌మంటుంది. డిమ్మర్ లైట్లున్న హాల్లో ఆ రొద పాటకంటే ముందు వినిపిస్తుంది. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ రొదను చంపేశాడు. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెడితే, 1957 నుంచి హంబకర్లనే ఆ పికప్పులు లెస్ పాల్‌లో వచ్చాయి. రొద పోయింది, నాదం గుండ్రబడింది. దాంతోపాటు సింగిల్ కాయిల్‌లో ఉండే గాజు గలగల కొంత తగ్గింది. సభల్లో మెలొడీ వాయించేవాడు, స్టూడియోలో ఫంక్ రిథమ్ వాయించేవాడు ఒకే పికప్ కోరుకోరు.

ఇవన్నీ పోల్చాలంటే పద్ధతి ఉంది. ముందు గిటారును ఏ ఆంప్లిఫయర్‌కూ తగిలించకుండా ఊరికే మీటి వినాలి. తర్వాత ఒకే ఆంప్లిఫయర్, ఒకే సెట్టింగు, వీలైతే ఒకే మందం తీగలు. రోజూ వాయించే పాటనే రెంటి మీదా వాయించాలి. కొత్త గిటారు చేతికి రాగానే కొత్త విన్యాసాలు చేస్తే మన వాయింపు గురించి ఏమీ తెలియదు. ఇంత శ్రద్ధగా పోల్చినా, అదంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంటుంది. నా చేతిలో ఉన్నది మీరు చెప్పిన గిటారే అన్న నమ్మకం. 1963 పికప్పులని మీరు చెప్పినవి మొన్న మార్చినవైతే, 1963 నాదం ఇలా ఉంటుందని నా చెవి తప్పు నేర్చుకుంటుంది. ఆ తర్వాత నిజమైన 1963 గిటారు చేతికి వచ్చినా ఇదేదో తేడాగా ఉందని పక్కన పెడతాను. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. చెవి తప్పు నేర్చుకుంటే దాన్ని సరిదిద్దేది ఎవరు?

ఒక సంగతి చెబుతాను. గీలాంగ్ వైపు ఒక ఇంట్లో 1973 స్ట్రాటోకాస్టర్ ఉందంటే వెళ్లాను. ‘ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది’ అన్నారు. సన్‌బర్స్ట్ రంగు, నెక్ వెనక మూడు బోల్టులు, హెడ్‌స్టాక్ మీద బుల్లెట్ ఆకారంలో పొడుచుకొచ్చిన ట్రస్ రాడ్ నట్. అన్నీ ఆ కాలానికి సరిపోయేవే. ఒడిలో పెట్టుకుని వాయించాను. పదిహేనో ఫ్రెట్ దగ్గర సన్న తీగను నిండుగా లాగినా స్వరం చావలేదు, తేటగా పాడింది. గుండ్రటి బోర్డు మీద అలా పాడకూడదే అని ఫ్రెట్ల వైపు చూశాను. ఎత్తుగా, వెడల్పుగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఫెండర్ వేసిన సన్న ఫ్రెట్లు అవి కావు. ఐదు స్థానాల స్విచ్ ఉంది. ఫెండర్ స్ట్రాట్‌కు ఐదు స్థానాల స్విచ్ ఇచ్చిందే 1977లో.

లోపల చూడొచ్చా అని అడిగితే సరేనన్నారు. పిక్‌గార్డు పదకొండు స్క్రూలూ విప్పి తిరగేశాను. వాల్యూమ్ తిప్పే పాట్ వీపు మీద అంకెలు ముద్రించి ఉన్నాయి: 137 7631. మొదటి మూడంకెలు తయారీదారుది, 137 అంటే సీటీఎస్ కంపెనీ. తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. అంటే 1976లో 31వ వారం. అప్పటికి మూడేళ్ల కిందటే ఫ్యాక్టరీ దాటిన గిటారులోకి ఆ పాట్ నడిచి వచ్చిందా? దాని మీద టంకం చుక్కలు మిలమిలలాడుతున్నాయి. దశాబ్దాల నాటి టంకం మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. పక్కనే పాత చుక్కను గోకి తీసిన గీతలు కూడా ఉన్నాయి. అమ్మేవారికి ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించాను. ‘ఫ్యాక్టరీలోనే అలా వచ్చి ఉంటుంది’ అన్నారు. ధర ఒక్క డాలరు కూడా దిగలేదు. గిటారును జాగ్రత్తగా బిగించి ఇచ్చేసి వచ్చాను.

నన్ను ఇప్పటికీ బాధపెడుతున్న విషయం ఏమిటంటే, ఆ గిటారు నా వాయింపుకు చక్కగా కుదిరింది. ఎవరో చేయి తిరిగిన పనివాడు బోర్డు సాఫుచేసి ఫ్రెట్లు వేశాడు. నేను కోరుకుంటున్న మార్పే అది. ‘ఫ్రెట్లు మార్చాం, లోపలి ఎలక్ట్రానిక్స్ మార్చాం, అందుకని ఇంత’ అని ఆయన అని ఉంటే ఆ సాయంత్రమే డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకునేవాడిని. దాచిపెట్టినందువల్ల ఆయనకు బేరం పోయింది, నాకు గిటారు పోయింది, ఆ పనివాడికి దక్కాల్సిన మెప్పూ పోయింది.

మార్పు అంటే మీకెందుకంత భయం? మీరు ఉంటున్న దేశం వైపే చూడండి. 1973లో సిడ్నీలో పుట్టిన ఏసీ/డీసీ బృందానికి వెన్నెముకలా నిలిచిన రిథమ్ గిటారు మాల్కమ్ యంగ్‌ది. అది 1963 గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్. ఈజీబీట్స్ బృందంలోని హ్యారీ వాండా చేతి నుంచి ఆయనకు వచ్చింది. మాల్కమ్ దాని రంగు గీకేశాడు, నెక్ దగ్గరి పికప్ పీకేశాడు. చివరికి బ్రిడ్జ్ దగ్గరి పికప్ ఒక్కటే మిగిలింది, ఖాళీ అయిన గుంటలు అలాగే కనిపించేవి. ఆయన వాయింపుకు అక్కర్లేనివన్నీ పోయాయి, కావలసింది మిగిలింది. ఒరిజినల్ కాదన్న కారణంతో దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడగలరా?

రాక్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్క్‌లోని మానీస్ దుకాణంలో కొన్న నల్ల స్ట్రాట్ సంగతి చూడండి. దానికి నెక్కులు మారాయి, పికప్ మారింది, పిక్‌గార్డు మారింది, ట్రెమొలో ఒకసారి మార్చి మళ్లీ పాతదే పెట్టారు. ఏం మారిందో, ఎప్పుడు మారిందో ఆయన టెక్నీషియన్ ఫిల్ టేలర్ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో ఆ గిటారు 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. మరో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వాయించిన ‘బ్లాకీ’ అయితే మూడు స్ట్రాట్ల భాగాలు కలిపి బిగించినది. అదీ 2004లో 9,59,500 డాలర్లకు పోయింది. ఆ ధరల్లో వాళ్ల పేరుకున్న వాటా పెద్దదే, కాదనను. కానీ దాపరికం లేకపోతే మార్పు మచ్చగా మిగలదని ఈ రెండూ రుజువు చేస్తున్నాయి.

మన తెలుగువాళ్లకు ఈ పాఠం గిటారుకంటే ముందే మాండొలిన్ నేర్పింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా తొలి కచేరీ చేసినప్పుడు చిన్న పిల్లవాడు. మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల్ని కలిపి లాగితే గమకం శుద్ధంగా పలకదు. ఆయన ఒంటి తీగలు ఐదు కట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించాడు. పాశ్చాత్య వాద్యం తన ఫ్యాక్టరీ రూపంలోనే ఉండి ఉంటే ఆ సంగీతం మనకు దక్కేది కాదు. వాద్యం వాయించేవాడి చేతికి లొంగాలి. లొంగదీసిన తీరు చెప్పుకోదగిన విషయం, దాచదగినది కాదు.

మీరు దాచేది మార్పుల్నే కాదు, గిటారు పుట్టుకకు లేని గొప్పలూ అంటగడతారు. మేటన్ సంగతే చూడండి. బిల్ మే 1946లో మెల్‌బోర్న్‌లో స్థాపించిన కంపెనీ అది. 1952 నుంచి 1960 దాకా ఆస్ట్రేలియా దిగుమతులకు లైసెన్సులు పెట్టడంతో అమెరికా గిటార్లు ఇక్కడి కుర్రాళ్లకు అందని పండ్లయ్యాయి. ఆ కాలంలో ఈ దేశపు చేతులకు గిటార్లు అందించిన వాళ్లలో మేటన్ ముందుంటుంది. 1963లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హ్యారిసన్ గ్రెచ్ గిటారు మరమ్మతుకు వెళ్తే, మాంచెస్టర్‌లోని ఒక దుకాణం ఆయనకు మేటన్ మాస్టర్‌సౌండ్ అరువిచ్చింది. కొన్నాళ్లు ఆయన దాన్ని వాయించాడు. అది నిజం, ఆస్ట్రేలియా గర్వపడాల్సిన నిజం. దాన్ని పట్టుకుని మీరు ప్రతి పాత మేటన్‌నూ ‘బీటిల్స్ గిటారు’ అని అమ్ముతున్నారు. ఆ గిటారు నెక్ ఎలా ఉంది, పికప్ ఎలా పలుకుతుంది, ఎలాంటి వాయింపుకు పనికొస్తుంది అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఒక మంచి వాద్యానికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

చట్టం గురించి కూడా రెండు మాటలు. 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియన్ కన్జ్యూమర్ లా, వ్యాపారం చేసేవారు కొనేవాణ్ని తప్పుదారి పట్టించకూడదని 18వ సెక్షన్‌లో స్పష్టంగా చెబుతోంది. ఎవరైనా తన సొంత వస్తువును ఒకసారి అమ్ముకుంటే ఆ చట్టం చాలావరకు వర్తించదు. మీలో కొందరు వరసగా గిటార్లు కొని అమ్ముతూ కూడా ‘ఇది నా సొంతది, ఎన్నో ఏళ్లుగా నాతోనే ఉంది’ అనడం వెనక ఉన్నది ఈ సందే. ఇంకొకటుంది. 1960ల నాటి చాలా గిటార్ల ఫ్రెట్‌బోర్డుకు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ వాడారు. 1992 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ కర్ర వ్యాపారం మీద అత్యంత కఠినమైన నియంత్రణ ఉంది. బోర్డు ఏ కర్రో, ఎప్పటిదో మీరు అబద్ధం చెబితే, రేపు ఆ గిటారుతో దేశం దాటే వాయిద్యకారుడు కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటాడు. సరైన పత్రాలు లేకపోతే గిటారే పోవచ్చు.

నిజం చెబితే ధర పడిపోతుందంటారు మీరు. పడుతుంది. హెడ్‌స్టాక్ విరిగి అతికించిన గిబ్సన్‌కు మార్కెట్లో సుమారు సగం ధరే వస్తుంది. కానీ ఆ సగం ధరకు కొనే జనం ఎంతమంది ఉన్నారో మీరు గమనించడం లేదు. బాగా అతికిన హెడ్‌స్టాక్ వాయింపుకు అడ్డురాదు. మళ్లీ వేసిన రంగు నాదాన్ని చెడగొట్టదు. సేకరణకారుడు ముఖం తిప్పుకునే గిటారే సభల్లో వాయించేవాడికి పెన్నిధి. ఆస్ట్రేలియాలో ఆ సగం ధర కూడా ఉద్యోగస్తుడికి చిన్న మొత్తమేమీ కాదు. తెలిసి కొన్నవాడు ఆ గిటారును ప్రేమగా చూసుకుంటాడు, మళ్లీ మీ దగ్గరికే వస్తాడు, స్నేహితుల్ని తెస్తాడు. మోసపోయినవాడు ఏదో ఒకరోజు స్క్రూలు విప్పుతాడు. ఆ రోజున పైన పటారం లోన లొటారం అన్న మాట గిటారుకు కాదు, మీ పేరుకు అంటుకుంటుంది.

కాబట్టి అడుగుతున్నాను. అమ్మే ప్రతి గిటారుతో ఒక కాగితం ఇవ్వండి. నెక్ మీద, పాట్ల మీద ఉన్న తేదీలు రాయండి. ఫ్రెట్లు మార్చారా, బోర్డు చదును చేశారా, పికప్పులు మళ్లీ చుట్టారా, రంగు మళ్లీ వేశారా, ఎక్కడైనా విరిగి అతికిందా, అన్నీ రాయండి. మీకు తెలియనిది తెలియదనే రాయండి. దాని కింద సంతకం పెట్టండి. విప్పి చూస్తానంటే స్క్రూడ్రైవర్ మీరే అందించండి. కొనేవాణ్ని తన పాట తను వాయించుకోనివ్వండి, ఆ సేపు కథ చెప్పకుండా ఊరుకోండి.

ఈ ఊళ్లో మన పిల్లలు చాలామంది ఇప్పుడు గిటారు నేర్చుకుంటున్నారు. వారాంతంలో దుకాణాలకు వచ్చి గోడమీది పాత గిటారును వేలితో ముట్టుకుని, ఇది ఏ సంవత్సరం అంకుల్ అని మిమ్మల్నే అడుగుతున్నారు. స్ట్రాట్ అంటే ఎలా పలుకుతుందో, లెస్ పాల్ అంటే ఎలా పలుకుతుందో వాళ్లు మీ చేతుల మీదుగానే మొదటిసారి వింటారు. తమ వాయింపు ఏమిటో తెలుసుకోవడానికి వాళ్లకున్న కొలమానం ఆ నాదమే. వాళ్లకు నిజం చెప్పండి. అడిగితే తప్ప చెప్పనని అనకండి, అడగకముందే చెప్పండి.

ఇట్లు,
మెల్‌బోర్న్ నుంచి
ఒక తెలుగు గిటారు వాయిద్యకారుడు